మట్టిని బట్టి షూ: బురద దారుల్లో పరుగుకు ఏది ఎంచుకోవాలి

తొలకరి పడగానే ట్రైల్ షూ, అంటే మట్టి దారుల్లో పరుగుకు వాడే షూ, కోసం షాపుకు వెళ్లేవారు అడిగేది ఒక్కటే: "గ్రిప్ బాగా ఉన్నది చూపించండి." అమ్మేవారు షూలు తిరగేసి, అడుగున అన్నిటికంటే పొడుగు పళ్లున్నదాన్ని ముందు పెడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు ఆ షూతో తాండూరు వైపు కంది చేల మధ్య బండ్లబాటలో పరుగెడితే కాసేపటికే పళ్లు కనపడవు. షూ కింద ఇంకో షూ అంత మట్టి వేలాడుతుంది. అక్కడికి గంట ప్రయాణంలో ఉన్న వికారాబాద్ అనంతగిరి గుట్టల ఎర్రమట్టి దారిలో అదే షూ చక్కగా పనిచేస్తుంది. ఆ దారి మధ్యలో పాచి పట్టిన బండ తగిలితే మళ్లీ జారుతుంది.

అడుసు, రొంపి, ఒండ్రు, జిగట మట్టి అని తెలుగులో దేని మాట దానికి ఉంది. షూ పెట్టె మీద మాత్రం అన్నిటికీ కలిపి 'మడ్' అనే ఉంటుంది. ఎంపికలో జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. పరుగెత్తే దారిలో ఏ మట్టి ఉందో, ఆ మెత్తటి పొర కింద గట్టి నేల ఎంత లోతున ఉందో తెలిస్తే షూ ఎంపిక సగం పూర్తయినట్టే.

కాలి కింద ఏముంది

ఎర్ర చెల్క నేలల్లో ఇసుక పాలు ఎక్కువ. ఉన్న కాస్త బంకమన్ను కూడా ఎక్కువగా కెయొలినైట్ రకం. అది నీటిని తన పొరల మధ్యకు తీసుకోదు, పెద్దగా ఉబ్బదు. అందుకే వాన నీరు తొందరగా ఇంకిపోయి, పైన అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వరకు మెత్తబడుతుంది, దాని కింద నేల గట్టిగానే ఉంటుంది. రోడ్డు షూ ఈ పల్చటి పొర మీద తేలిపోతుంది. అడుగు వెడల్పుగా, నున్నగా ఉంటుంది కాబట్టి బరువు పరుచుకుని, మెత్తటి మట్టిని పక్కకు నెట్టలేదు. నాలుగైదు మిల్లీమీటర్ల పళ్లుంటే బరువంతా కొద్ది చోట్ల మీద పడి, పొరను చీల్చుకుని కింది నేలను పట్టుకుంటుంది. ఈ నేలకు అంతకన్నా లోతు అక్కర్లేదు. మొరం దారుల్లో గులకరాళ్లు గోలీల్లా దొర్లుతాయి, అక్కడ పొడుగు పళ్లు అడ్డమే.

నల్లరేగడి కథ వేరు. ఇందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను అతి పల్చటి పలకలుగా ఉంటుంది. ఒక్క గ్రాములోని పలకలన్నీ విప్పి పరిస్తే 700 నుంచి 800 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుంది. ఆ పలకల మధ్యకు నీరు చేరి మట్టి ఉబ్బుతుంది, తనకు తాను అంటుకుంటుంది, తగిలిన దేన్నైనా అంటుకుంటుంది. జిగట ఎంతన్నది నీటి పాలును బట్టి మారుతుంది. వాన కురుస్తూ ఉండగా నల్లమట్టి జావలా ఉంటుంది. జారుతుంది గానీ షూ నుంచి కూడా జారిపోతుంది. వాన ఆగి కొన్ని గంటలు గడిచాక, మర్నాడు, ముద్ద కట్టే దశ వస్తుంది. అసలు ఇబ్బంది అప్పుడే. ఆ పైన రెండు మూడు రోజులు ఎండ కాస్తే పైపొర ఆరి, పగుళ్లిచ్చి, పరుగుకు వీలవుతుంది. నేల ఏ దశలో ఉందో చేత్తోనే చూడొచ్చు. చిటికెడు మట్టి తీసి అరచేతుల మధ్య పుల్లలా పేనాలి. 3 మిల్లీమీటర్ల సన్నం దాకా తెగకుండా వచ్చి, వేళ్లను వదలకపోతే ఆ రోజు ఆ దారి మానుకోవడం మేలు.

ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. ఎనిమిదో నంబరు షూ అడుగు వైశాల్యం సుమారు 220 చదరపు సెంటీమీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు మందాన మట్టి పట్టినా 220 ఘన సెంటీమీటర్లు. తడి మట్టి సాంద్రత 1.7 అనుకుంటే దాదాపు 375 గ్రాములు. తేలికపాటి ట్రైల్ షూ మొత్తం బరువు కన్నా ఇదే ఎక్కువ. రెండు సెంటీమీటర్లు పడితే ఒక్కో కాలికి ముప్పావు కిలో. ఇరవై గ్రాములు తక్కువ బరువున్న షూ కోసం వేలు ఎక్కువ పెట్టేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. నిజం చెప్పాలంటే ముద్ద కట్టే దశలో ఉన్న నల్లరేగడికి సరైన షూ లేదు. కొంచెం తక్కువ చెడ్డది ఏదన్నదే ప్రశ్న.

దమ్ము చేసిన మడి, కాలువల వెంట ఒండ్రు, చెరువు అంచు రొంపి మూడో తరహా. మడమ మునిగినా గట్టి నేల తగలదు, మట్టి మాత్రం నీళ్లు నీళ్లుగా ఉంటుంది. ఇక్కడ పొడుగు పళ్లకు నిజంగా పని ఉంది. అరకు, పాడేరు కాఫీ తోటల్లాంటి చోట్ల ఎర్రమట్టి మీద కుళ్లిన ఆకుల పొర, దాని కింద తడి వేర్లు ఉంటాయి. ఆకుల పొర తివాచీలా మొత్తంగా జారిపోతుంది కాబట్టి దాన్ని గుచ్చుకుని పోయే పళ్లు కావాలి. వేర్ల మీద మాత్రం ఏ పళ్లూ పనిచేయవు. అడుగు వేరు మీద పడకుండా చూసుకోవడమే దారి.

లోతు కన్నా సందు ముఖ్యం

మడిలో దమ్ముకు దిగే ట్రాక్టరును గమనిస్తే పళ్ల సంగతి ఇట్టే అర్థమవుతుంది. రబ్బరు టైర్లకు వి ఆకారంలో ఎత్తైన పళ్లున్నా, జిగట మడిలో వాటి మధ్య మట్టి నిండి టైరు నున్నటి గుండ్రాయిలా తిరుగుతుంది. అందుకే ఇనప కేజ్ వీల్స్ బిగిస్తారు. వాటికి కడ్డీలు తక్కువ, మధ్యలో సందులు ఎక్కువ. మట్టి నిలవడానికి చోటుండదు. షూ అడుగు కూడా అంతే. పళ్లు ఎనిమిది మిల్లీమీటర్లు ఉన్నా దగ్గర దగ్గరగా ఉంటే మొదటి పది అడుగుల్లోనే సందులు నిండిపోతాయి. ఆపైన ఆ ఎనిమిది మిల్లీమీటర్లూ ఉన్నట్టా, లేనట్టా? అయిదు మిల్లీమీటర్ల పళ్లే అయినా ఎడంగా ఉంటే మడమ ఎత్తినప్పుడల్లా అడుగు వంగి, సందులు విచ్చుకుని మట్టి రాలిపోతుంది.

షాపులో దీన్ని కొలవడానికి పనిముట్లేవీ అక్కర్లేదు. పాదం ముందు భాగం కింద, పంటికీ పంటికీ మధ్య చిటికెన వేలి కొస అడుగు దాకా దూరాలి. దూరకపోతే అది మట్టి నిలిపే షూ. పంటి ఆకారం కూడా చూడాలి. మొదట్లో వెడల్పుగా, కొస వైపు సన్నగా ఉన్న పంటిని మట్టి సులువుగా వదులుతుంది. పక్కలు నిలువుగా ఉండి, మధ్య మధ్య చిన్న చీలికలు, గీతలు ఉన్న పళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. అడుగున లోగో కోసమో అందం కోసమో చెక్కిన గుంటలుంటే మట్టి ముందు అక్కడే చేరుతుంది. పళ్ల దిశ కూడా ముఖ్యమే. ముందు భాగంలో పళ్లు నేలను వెనక్కి నెట్టేలా, మడమ దగ్గర అందుకు ఎదురుగా, దిగుడులో ఆపేలా తిరిగి ఉండాలి. మడమ కింద నున్నగా వదిలేసిన షూతో తడి దిగుడు దిగడం కష్టం.

లోతు గురించి స్థూలంగా ఇలా అనుకోవచ్చు. 2 నుంచి 3 మిల్లీమీటర్లు పొడి దారికి, పార్కు మట్టి బాటకు. 4 నుంచి 5 మన వానాకాలపు చాలా దారులకు చాలు. సలోమన్ స్పీడ్‌క్రాస్, హోకా స్పీడ్‌గోట్ రెండింటి పళ్లూ 5 మిల్లీమీటర్లే. 6 నుంచి 8 మిల్లీమీటర్లు, కింద గట్టి నేల దొరకని మెత్తటి చోట్లకు. ఇనొవ్-8 మడ్‌క్లా 8 మిల్లీమీటర్లతో ఈ కోవలోది. లోతు ఒకటే అయినా స్పీడ్‌క్రాస్ పళ్లు ఎడంగా, బాణం ములుకుల్లా ఉంటాయి, స్పీడ్‌గోట్ పళ్లు దగ్గరగా ఉంటాయి. తడి రాయి, పొడి మట్టి కలిసిన దారికి రెండోది, మెత్తటి మట్టికి మొదటిది నప్పుతుంది. పెట్టె మీది అంకె ఈ తేడాను చెప్పదు.

పొడుగు పళ్లకు తారు రోడ్డు పనికిరాదు. కేజ్ వీల్స్‌తో ట్రాక్టరు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, ఇక్కడ షూ పాడవుతుంది. గట్టి నేల మీద పళ్లు ప్రతి అడుగుకూ మెలిక తిరుగుతాయి, కొసలు అరుగుతాయి, మొదట్లో చీలికలొస్తాయి. అడుగు నిలకడ తప్పి చీలమండకూ పని పెరుగుతుంది. ఇంటి నుంచి ట్రైల్ దాకా మూడు నాలుగు కిలోమీటర్లు తారు మీద పరుగెత్తి వెళ్లేవారికి 8 మిల్లీమీటర్ల షూ దండగ ఖర్చు.

షూ ఏ నేలలో పుట్టింది

బురద షూలకు పుట్టిల్లు ఉత్తర ఇంగ్లండ్. అక్కడ గుట్టల మీద పరుగును ఫెల్ రన్నింగ్ అంటారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో 1932లో బాబ్ గ్రాహం 24 గంటల్లోపు 42 శిఖరాలు చుట్టి వచ్చినప్పుడు ఆయన కాళ్లకు ఉన్నవి టెన్నిస్ షూలని చెబుతారు. తర్వాతి కాలంలో బోల్టన్‌కు చెందిన నార్మన్ వాల్ష్ షూలు ఫెల్ పరుగువాళ్లందరికీ తెలిసిన పేరయ్యాయి. 2003లో వేన్ ఈడీ మొదలుపెట్టిన ఇనొవ్-8 తొలి షూ పేరే మడ్‌రాక్. ఆ గుట్టల్లో ఉండేది పీట్, అంటే ఏళ్ల తరబడి సగం కుళ్లిన గడ్డి, నాచుల పొర. స్పాంజిలా నీరు పట్టి మెత్తగా దిగబడుతుంది గానీ, నల్లరేగడిలా పళ్లను పట్టుకుని వేలాడదు. తడి గడ్డి వాలు మీద కూడా 8 మిల్లీమీటర్ల పళ్లు మేకుల్లా దిగుతాయి. ఆ నేలకు పుట్టిన షూ కర్నూలు నల్లమట్టిలో తడబడితే దాన్ని తప్పుపట్టలేం. ఇంగ్లండ్‌లో ఉండి ఆ గుట్టలెక్కే తెలుగువారు అక్కడ కొన్న షూనే ఊరికి తెచ్చుకుని, ఇక్కడెందుకు పట్టడం లేదని ఆశ్చర్యపోవడంలో కిటుకు ఇదే.

ఫిన్లాండ్ వారి విజె షూలది ఇంకో దారి. అక్కడి అడవుల్లో తడి రాళ్లు ఎక్కువ, దిక్సూచి పట్టుకుని పరుగెత్తే ఓరియెంటీరింగ్ ప్రసిద్ధి. అందుకే వారు పంటి పొడుగు కన్నా బ్యుటైల్ రబ్బరు మీద దృష్టి పెట్టారు. సైకిల్ ట్యూబుల్లో వాడే రబ్బరు జాతిదే ఇది. నేలకేసి కొట్టినా పెద్దగా ఎగరదు. ఎగరని రబ్బరు రాతి గరుకులోకి ఒదిగి, తిరిగి లేవడంలో శక్తిని కోల్పోతుంది. తడి రాయి మీద పట్టు చాలావరకు అలా వస్తుంది. బాగా ఎగిరే గట్టి రబ్బరు ఎక్కువ రోజులు మన్నుతుంది, తడి బండ మీద జారుతుంది. షూ కొనేటప్పుడు పళ్ల కొస మీద గోరు నొక్కి చూడాలి. కాస్త దిగి, నెమ్మదిగా పైకి లేస్తే పట్టున్న రబ్బరు. గాజు మీద గోరులా నిలిస్తే అది రోడ్డు రబ్బరు. షూ అడుగులు చేసే విబ్రమ్ కంపెనీ మెగాగ్రిప్ లాంటి రబ్బర్లు ఈ మెత్తదనానికీ మన్నికకూ మధ్య రాజీలు. విబ్రమ్ పుట్టుకే ఒక విషాదం నుంచి. 1935లో ఆల్ప్స్‌లో స్నేహితులు సరైన బూట్లు లేక చనిపోయాక, ఇటలీకి చెందిన విటాలె బ్రమానీ పర్వతారోహకుల బూట్లకు రబ్బరు అడుగు తయారుచేశాడు.

హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైటు. పొడి గ్రానైటు ఏ షూకైనా పట్టు ఇస్తుంది. వానాకాలంలో నీరు కారే జాడల్లో నల్లగా, ఆకుపచ్చగా పట్టే పాచి మీద మాత్రం ఎంత మెత్తటి రబ్బరైనా రాతిని తాకదు, పాచినే తాకుతుంది. లోహపు మొనలున్న షూలు, స్వీడన్ ఐస్‌బగ్ లాంటివి, అలాంటి చోటికీ మంచుకూ ఉద్దేశించినవి. మన దారుల్లో ఆ ఖర్చు అనవసరం. పాచి ఉన్న చోట కూర్చుని దిగడం తెలిస్తే చాలు.

మడమ వదలకూడదు

అడుసులో కాలు దిగబడి, కాలు వచ్చి షూ రాకపోవడం చూడ్డానికి నవ్వులాటగా ఉంటుంది. కారణం పీల్పు. అడుగు పైకి లేస్తున్నప్పుడు దాని కిందికి గాలి చేరకపోతే అక్కడ పీడనం తగ్గుతుంది. వాతావరణ పీడనంలో పదోవంతు తేడా వచ్చిందనుకున్నా, 220 చదరపు సెంటీమీటర్ల అడుగును 22 కిలోల బరువు కిందికి లాగినట్టవుతుంది. పొలంలో నాట్లు వేసేవారు కాలిని తిన్నగా పైకి లాగరు. మడమను ముందు ఎత్తి, అంచు నుంచి ఒలిచినట్టు తీస్తారు. అప్పుడు వెనక నుంచి గాలి దూరి పీల్పు విడుతుంది. షూ కూడా అలా ఒలిచినట్టు రావాలంటే ముందు భాగం సులువుగా వంగాలి. కార్బన్ ప్లేటు ఉన్నవి, అడుగున మందపాటి గట్టి పలక ఉన్నవి ఒక్క చెక్కలా లేస్తాయి. రాళ్ల దారికి అవసరమయ్యే రాక్ ప్లేటు అడుసులో ఇందుకే అడ్డం.

ఆ లాగుడంతా మడమ మీద పడుతుంది. కాబట్టి బురద షూలో ముందు చూడాల్సింది మడమ పట్టు, ఆ తర్వాతే పళ్లు. షూ వేసుకుని లేసు బిగించి, ముని వేళ్ల మీద లేచి నిలబడాలి. పక్కనున్నవారు షూ మడమను కిందికి లాగాలి. లోపల మడమ మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి లేస్తే అది బురదకు పనికిరాదు. తడిశాక ఇంకా వదులవుతుంది. ముందు వైపు, పొడుగు వేలికీ షూ కొసకూ మధ్య 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండాలి. రోడ్డు షూకు బొటనవేలంత జాగా వదులుకునే అలవాటున్నవారు దాన్ని ఇంకా పెంచకూడదు. పాదం లోపల ముందుకూ వెనక్కూ జారితే కింద పట్టు ఎంతున్నా, జారింది నేల మీదే అనిపిస్తుంది. షూ సాయంత్రం కొనాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరుగుకు వేసుకునే మేజోళ్లనే వెంట తీసుకెళ్లాలి. నంబర్లను నమ్మకపోవడం మంచిది. యూకే 8 ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. నాలుక లోపలి చీటీ మీద సెంటీమీటర్లలో రాసిన పొడవును గోడకు మడమ ఆనించి కొలిచిన పాదంతో పోల్చుకోవాలి.

చాలా షూలకు పైన, చీలమండ పక్కన, ఖాళీగా వదిలేసిన ఒక అదనపు కన్నం ఉంటుంది. అది మడమను బిగించడానికే. లేసును బయటి నుంచి ఆ కన్నంలోకి దూర్చి అదే పక్కన చిన్న ఉచ్చు వదలాలి, రెండో వైపూ అంతే. తర్వాత ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి, కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి తీసి, పైకి కాకుండా మడమ వైపు కిందికి లాగి ముడివేయాలి. పాదం పైభాగం నొప్పి పుట్టకుండా మడమ నిలుస్తుంది. లేసు చదునైనదైతే ముడి నిలుస్తుంది, గుండ్రటి నున్నటి లేసు తడిసి ఊడుతుంది. ఒక్క లాగుతో బిగిసే సన్నటి తీగ లేసులు మొదట్లో హాయిగానే ఉంటాయి. బురదలో ఇసుక చేరితే వాటి బిగింపు పళ్లు జారడం, తీగ పోగులు ఊడటం మొదలవుతుంది. తెగితే దారిలో బాగుచేసుకోలేం, మామూలు లేసైతే ముడివేసుకోవచ్చు.

అడుగు ఎత్తు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మెత్తటి నేలే సగం కుషన్. 35 మిల్లీమీటర్లకు పైబడ్డ మందపాటి ఫోమ్ మీద నిలబడి ఒంపు బురదలో పక్కకు జారితే చీలమండ మెలిక పడటం ఖాయమన్నట్టే. మడమకూ ముందు భాగానికీ మధ్య ఎత్తు తేడా, అంటే డ్రాప్, 4 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య ఉన్నది చాలామందికి సరిపోతుంది. రోడ్డు మీద 10 మిల్లీమీటర్ల డ్రాప్‌కు అలవాటుపడ్డవారు ఒక్కసారిగా కిందికి దిగితే పిక్కలు పట్టేస్తాయి.

నీళ్లు ఆపడమా, వదలడమా

వాన అనగానే వాటర్‌ప్రూఫ్ షూ గుర్తుకొస్తుంది, అమ్మేవారూ దాన్నే చూపిస్తారు. గోర్‌టెక్స్ పొర బయటి నీటిని ఆపుతుంది, లోపలి చెమట ఆవిరిని వదులుతుంది. అయితే ఆవిరి బయటికి పోవాలంటే లోపలి గాలి కన్నా బయటి గాలి పొడిగా, చల్లగా ఉండాలి. జూలైలో 28, 30 డిగ్రీల ఉక్కలో ఆ తేడా నామమాత్రం, కాలు చెమటతోనే తడుస్తుంది. దారిలో మడమ మునిగే గుంట ఒక్కటి వస్తే నీరు పై అంచు నుంచి లోపలికి దిగుతుంది, ఇక బయటికి దారి లేదు. అప్పటి నుంచి ఒక్కో కాలికి ఒక్కో చెంబు కట్టుకుని పరుగెత్తినట్టే. స్కాట్లాండ్ చలిలో తడి గడ్డి మీద నడిచేవారికి ఆ పొర మేలు చేస్తుంది. తెలుగు నేలలో వానాకాలపు పరుగుకు మాత్రం నీటిని వదిలే షూయే కావాలి.

పల్చటి, దగ్గర నేత ఉన్న జాలీ గుడ్డ మంచిది. మరీ పెద్ద కన్నాలుంటే ఇసుక చేరి మేజోడును అరగదీస్తుంది, వేళ్ల మధ్య తోలు లేస్తుంది. మడమ చుట్టూ, నాలుకలో మందపాటి స్పాంజి ఉన్న షూ ముట్టుకుంటే మెత్తగా ఉండి కొనబుద్ధవుతుంది. తడిస్తే ఆ స్పాంజే నీటి సంచి. ఇంట్లో తెలుసుకోవడం తేలిక. పొడి షూను వంటింటి కాటాలో తూచి, అయిదు నిమిషాలు బకెట్‌లో ముంచి, పది నిమిషాలు వేలాడదీసి మళ్లీ తూచాలి. ఒక్కో షూ 100 గ్రాములకు పైన పెరిగితే దూరపు బురద పరుగుకు పనికిరాదు. ముని వేళ్ల చుట్టూ పల్చటి రబ్బరు పట్టీ ఉన్నది రాయి తగిలినప్పుడు కాపాడుతుంది, అడుగు అతుకు ఊడకుండా ఆపుతుంది.

మేజోళ్లు నూలువి వద్దు. నూలు నీరు పట్టి, ముడతలు పడి, బొబ్బలు తెస్తుంది. పల్చటి సింథటిక్ లేదా మెరినో ఉన్ని చాలు, వేళ్ల మధ్య ముందే కాస్త వాజలిన్ రాసుకుంటే నానిన చర్మం తొందరగా చిట్లదు. పాదానికి గాయాలుంటే పొలాల్లో, మురుగు కాలువల పక్కన నిలిచిన నీటిలోకి దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ సోకేది ఎక్కువగా వానాకాలంలోనే. ఇసుక రాకుండా చీలమండకు కట్టే గెయిటర్లు ఎర్రమట్టిలో ఉపయోగమే. అడుగు కింద నుంచి పట్టీ పోయే రకం మాత్రం నల్లమట్టికి ఇంకో పట్టుకొమ్మ.

మట్టి అంటకుండా అడుగుకు వంట నూనె రాసే చిట్కా ఒకటి చలామణిలో ఉంది. కొద్దిసేపు పనిచేస్తుంది కూడా. తర్వాత వచ్చే మొదటి బండ మీద ఆ నూనె ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

ఇంటికొచ్చాక

బురద షూ త్వరగా పాడయ్యేది దారిలో కన్నా ఇంట్లోనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత. తొక్కాక మాత్రం కడగడం వాయిదా వేయకూడదు. పై గుడ్డలో ఇరుక్కున్న మట్టి ఎండితే, తర్వాతి పరుగులో వంగిన ప్రతిసారీ దాని రేణువులు దారాలను రంపంలా కోస్తాయి. వేళ్లు వంగే చోట జాలీ చిరగడానికి ముఖ్య కారణం అదే. కాబట్టి పై భాగాన్ని తడిగా ఉండగానే చన్నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. అడుగున పట్టిన నల్లమట్టిని మాత్రం ఆరనివ్వడమే మేలు. ఆరితే కుంచించుకుని పగులుతుంది, రెండు షూలను ఒకదానికొకటి కొడితే పెచ్చులుగా రాలుతుంది. తడిగా గీకితే అంతా పూసుకుపోతుంది. వాషింగ్ మెషీన్ వద్దు. వేడి నీరు, తిప్పుడు కలిస్తే జిగురు వదులుతుంది.

ఇన్‌సోల్ బయటికి తీసి, షూ నిండా న్యూస్‌పేపర్ కుక్కి, గంటకోసారి మార్చి, ఫ్యాన్ కింద నీడలో పెట్టాలి. మేడ మీద ఎండలో, గ్యాస్ పొయ్యి పక్కన పెడితే రెండు నష్టాలు. అడుగును అతికించిన జిగురు మెత్తబడుతుంది, మిడ్‌సోల్, అంటే పాదానికీ అడుగు రబ్బరుకూ మధ్య ఉన్న ఫోమ్, కుంచించుకుని గట్టిపడుతుంది. వానాకాలపు తేమలో షూ పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రోజూ పరుగెత్తేవారికి ఒక ఖరీదైన జత కన్నా మధ్యరకం జతలు రెండు మేలు. అయితే రెండో జతను కొని డబ్బాలో ఏళ్ల తరబడి దాచకూడదు. వేడి, తేమల్లో వాడని షూకు కూడా జిగురు చెడుతుంది. పాలియురెథేన్ అడుగున్న బూట్లయితే తేమకు పొడిపొడిగా రాలిపోవడమూ ఉంది. తగ్గింపు ధరలో దొరికే పాత స్టాకు కొనేటప్పుడు చీటీ మీద తయారీ నెల చూడాలి, ముందు భాగాన్ని వంచి అతుకు దగ్గర సందు పడుతోందేమో గమనించాలి.

బొటనవేలి కింద, నెట్టే చోట పళ్లు ముందు అరుగుతాయి. కొన్న రోజే స్కేలుతో అక్కడి ఎత్తు కొలిచి ఇన్‌సోల్ వెనక రాసి పెట్టుకుంటే, సగానికి దిగినప్పుడు తెలుస్తుంది. అప్పటికి పై భాగం, ఫోమ్ బాగానే ఉండవచ్చు. అలాంటి జతను ఎండాకాలపు పొడి దారులకు వాడుకోవచ్చు. ముని వేళ్ల దగ్గర రబ్బరు పట్టీ లేస్తే, జాలీ చిరిగితే చెప్పులు కుట్టేవారు అతికించి, లోపల గుడ్డ వేసి కుట్టి ఇస్తారు. అతికించే ముందు షూ రెండు రోజులు పూర్తిగా ఆరి ఉండాలి. తడి ఫోమ్‌ను ఏ జిగురూ పట్టదు.